చిత్రకారుడి ట్రంకుపెట్టె: కాగితాలు, స్కెచ్‌బుక్కులు చెడకుండా దాచే పద్ధతి

బొమ్మలు వేసే మనిషి పోయాక ఫ్రేము కట్టిన బొమ్మలకు వారసులు వెంటనే తేలతారు. అటక మీది ట్రంకుపెట్టె జోలికి మాత్రం ఎవరూ రారు. పెద్దకర్మ అయిన వారానికి ఇల్లు దులుపుతుంటే అది కిందికి దిగుతుంది. లోపల అట్టలు ఊడిన స్కెచ్‌బుక్కులు, రంగుల కొట్టు బిల్లులు, స్నేహితుల ఉత్తరాలు, ఎగ్జిబిషన్ ఆహ్వానాలు, పాలవాడి లెక్క వెనక వేసిన ఎద్దు బొమ్మ. సాయంత్రానికి సగం పాత పేపర్లవాడి తక్కెడలోకి వెళ్తుంది.

నేను మొదటిసారి ఇలాంటి పెట్టె సర్దింది మా బంధువుల ఇంట్లో. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. రెండు రోజులు కూర్చుని, విడిపోయిన కాగితాలన్నీ గుళ్లు ఒక దొంతర, మనుషులు ఒక దొంతర, పశువులు ఒక దొంతరగా పేర్చాను. చాలా బాగా సర్దానని మురిసిపోయాను కూడా. తర్వాత విషయం తెలిసిన ఒకాయన చూసి, "ఈ గోపురం ఏ పుస్తకంలోది? దీనికి ముందు పేజీలో ఏముంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ పేజీలు ఏ ప్రయాణంలో, ఏ వరుసలో వేశారో చెప్పగలిగిన ఒకే ఒక సాక్ష్యం, అవి ఉన్న క్రమం. దాన్ని నేనే చెరిపేశాను. ఇక్కడ రాసే ప్రతి మెట్టూ ఆ తప్పు మీరు చేయకుండా ఉండటానికే.

నాకంటే చాలా గొప్పవాళ్లే ఈ తప్పు చేశారని తర్వాత తెలిసి కొంచెం ఊరట కలిగింది. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1851లో చనిపోయాడు. వీలునామా మీద గొడవ నడిచి, 1856లో ఆయన దగ్గర మిగిలిపోయిన, సొంత చేత్తో వేసినవన్నీ దేశానికి దక్కాయి. అందులో దాదాపు 300 స్కెచ్‌బుక్కులున్నాయి. లండన్ నేషనల్ గ్యాలరీ కింది గదిలో ఏడు రేకు పెట్టెల్లో కుక్కిన ఆ కాగితాలను సర్దే పని రస్కిన్ నెత్తిన వేసుకున్నాడు. టర్నర్ అంటే ప్రాణం పెట్టే విమర్శకుడాయన. 1857-58 చలికాలమంతా కూర్చున్నాడు. చెమ్మకు కుళ్లినవీ, ఎలుకలు కొరికినవీ 19 వేలకు పైగా కాగితాలు విప్పాడు. మంచివని తోచిన పేజీలను స్కెచ్‌బుక్కుల్లోంచి విడదీసి ప్రదర్శనకు అట్టలకు ఎక్కించాడు, నచ్చని కట్టల మీద పనికిరానివని రాశాడు. తర్వాత ఫిన్‌బర్గ్ అనే ఆయన కూర్చుని, ఏ పేజీ ఏ పుస్తకం నుంచి ఊడిందో వెతికి, 1909లో రెండు సంపుటాల జాబితా వేయాల్సి వచ్చింది. నేటికీ టర్నర్ స్కెచ్‌బుక్కులను పిలిచేది ఆ జాబితాలోని అంకెలతోనే. ఒకాయన ప్రేమతో చెడగొట్టిన వరుసను ఇంకొకాయన ఓపికతో తిరిగి కట్టాడు. మన ఇళ్లలో పెట్టె సర్దితే ఫిన్‌బర్గ్ రాడు కాబట్టి మొదటే జాగ్రత్త పడాలి.

1. ముట్టుకునే ముందు ఫొటోలు

పెట్టె మూత తీసి, ఏదీ కదపకుండా పైనుంచి ఒక ఫొటో. ఒక పొర తీశాక ఇంకో ఫొటో. ఇలా అడుగు దాకా. బల్ల మీద, సొరుగుల్లో, ఈజిల్ పక్కన, పరుపు కింద ఉన్నవాటికీ ఇంతే. ప్రతి చోటికీ ఒక అక్షరం ఇవ్వండి: ట్రంకుపెట్టె "క", బీరువా పై అర "ఖ", బల్ల సొరుగు "గ". అక్కడినుంచి తీసిన ప్రతి కట్ట మీదా ఆ అక్షరం, తీసిన వరుస అంకె ఉన్న చీటీ పెట్టండి. చీటీని పిన్నుతోనో జిగురుతోనో అంటించొద్దు, ఊరికే లోపల దూర్చండి.

ఆ ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించాల్సింది కూడా ఇప్పుడే. "ఈ ఉత్తరాల కట్ట నాన్నగారే కట్టారా, మీరు కట్టారా?" అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. ఆయనే కట్టి ఉంటే ఆ కట్టకు ఒక అర్థం ఉంది, ఇల్లు మారినప్పుడు ఎవరో కట్టి ఉంటే లేదు. ఫోనులో రికార్డు చేసి పెట్టుకోండి. ఇలాంటివి గుర్తున్నవాళ్లు సాధారణంగా డెబ్బై దాటినవాళ్లే.

2. పురుగు, బూజు ఉన్నాయేమో చూడటం

కొత్తగా దిగిన పెట్టెను మిగతా పుస్తకాలున్న గదిలో పెట్టకూడదు. రెండు మూడు వారాలు విడిగా ఉంచి గమనించండి. మట్టి గొట్టాలు కనిపిస్తే చెదలు. కాగితం పైపొర గీకినట్టు, అంచులు గజిబిజిగా ఉంటే సిల్వర్ ఫిష్. గుండ్రని సన్న చిల్లులు, కింద పిండిలాంటి పొడి రాలితే పుస్తకాల పురుగు.

మందు చల్లాలని చెయ్యి లాగుతుంది, చల్లొద్దు. కలరా ఉండలు కూడా పెట్టెలో వేయొద్దు. వాటి ఆవిరి మనిషికి మంచిది కాదు, ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, పురుగును బెదిరిస్తుందే తప్ప లోపల ఉన్న గుడ్లను చంపదు. వేపాకు, వసకొమ్ము మన పెద్దవాళ్లు తాళపత్రాలకు వాడినవే. వాటితో గొడవ లేదు, కానీ పేజీల మధ్య పెడితే ఆకు మరక కాగితానికి అంటుతుంది. బాగా ఎండబెట్టి, పల్చటి గుడ్డ సంచిలో కట్టి, బీరువా మూలలో పెట్టుకోవచ్చు.

పురుగు ఉందని తేలితే మందు లేని దారి ఒకటుంది. పొడిగా ఉన్న ఉత్తరాలు, పుస్తకాలను పాలిథిన్ సంచిలో గాలి తీసి, గట్టిగా మూసి, మైనస్ 18 నుంచి మైనస్ 20 డిగ్రీల చల్లదనం ఇచ్చే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచడం. తీశాక సంచి విప్పకుండా ఒక రోజంతా బయట వదిలేయాలి, లేకపోతే గాలిలో తేమ చల్లటి కాగితం మీద నీళ్లుగా పేరుకుంటుంది. రంగు పెచ్చులూడుతున్న బొమ్మలకూ, ఫొటో నెగెటివ్‌లకూ, గాజుకూ ఇది చేయకూడదు.

బూజు పట్టి ఉంటే ముందు ఆరబెట్టాలి, తర్వాతే దులపాలి. తడి బూజును తుడిస్తే కాగితంలోకి ఇంకుతుంది. నీడలో, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా ఆరబెట్టండి. పాత పుస్తకాలను డాబా మీద ఎండలో వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బియ్యానికి సరే గానీ వాటర్ కలర్‌కు ఒక మధ్యాహ్నపు ఎండ ఏళ్ల వయసు తీసేస్తుంది. ఆరిన బూజును ఆరుబయట, ఎన్95 మాస్కు పెట్టుకుని, మెత్తని బ్రష్షుతో మీ నుంచి దూరంగా దులపండి. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి. డెట్టాలు, బ్లీచింగు, సెంటు, ఏదీ వద్దు.

3. ఏది ఉంచాలి, ఏది పారేయాలి

ఈ దశలో ఏదీ పారేయకూడదు, అంతే.

రంగుల కొట్టు బిల్లు చూస్తే ఆయన ఏ ఏడు ఏ రంగు కొన్నాడో తెలుస్తుంది. అది రేపు ఒక బొమ్మ అసలుదా నకిలీదా తేల్చడానికి పనికొస్తుంది. అప్పు తీర్చలేదని వచ్చిన ఉత్తరం ఎంత బాధ కలిగించినా, ఆ ఏడాది ఆయన క్యాలెండర్ బొమ్మలు ఎందుకు వేశాడో చెబుతుంది.

ఇక చూపించుకోలేనివి. నగ్న చిత్రాలు, పరాయి స్త్రీకి రాసిన ఉత్తరాల చిత్తుప్రతులు, తోటి చిత్రకారుడి మీద తిట్లు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇవి దొరికితే టెన్షన్ మొదలవుతుంది. రస్కిన్‌కూ మొదలైంది. టర్నర్ కాగితాల్లో దొరికిన శృంగార బొమ్మలను 1858లో తన కళ్లముందే కాల్చేశారని ఆయన ఒక ఉత్తరంలో రాశాడు. వందేళ్లకు పైగా లోకం నమ్మింది. చివరికి పరిశోధకులు లెక్క చూస్తే చాలా వరకు ఆ బొమ్మలు జాబితాలోనే, తమ చోటే ఉన్నాయి. కాల్చడం దాకా వెళ్లకుండా ఇబ్బంది తప్పించుకునే మార్గం ఆర్కైవుల్లో, అంటే పాత పత్రాలు భద్రపరిచే సంస్థల్లో, ఎప్పటినుంచో ఉంది. కవరులో పెట్టి మూసి, "ఫలానా సంవత్సరం దాకా తెరవరాదు" అని పైన రాసి, సంస్థకు ఇచ్చేటప్పుడు రాసే దానపత్రంలో ఆ షరతు చేర్చడం. పాతికేళ్లో యాభయ్యేళ్లో మీ ఇష్టం. ప్రస్తావించిన మనుషులు పోయాక అదే కాగితం ఎవరినీ నొప్పించదు.

4. దుమ్ము, పిన్నులు, రబ్బరు బ్యాండ్లు

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కాగితానికి గ్లౌజులు అక్కర్లేదు. గుడ్డ గ్లౌజుతో పేజీ మందం వేలికి తెలియదు, చిరిగిన అంచు దారానికి చిక్కుకుంటుంది. ఫొటోలు, నెగెటివ్‌లకు మాత్రం నైట్రైల్ గ్లౌజులు (ఆసుపత్రుల్లో వాడే పల్చటి రబ్బరులాంటివి) వాడండి. బల్ల మీద టీ గ్లాసు, ఇంకు పెన్ను ఉండకూడదు. పెన్సిల్ ఒక్కటే.

రబ్బరు బ్యాండు కరిగి అతుక్కుని ఉంటే లాగొద్దు. పక్కల కత్తిరించి, అతుక్కున్న ముక్కను అలాగే వదిలేయండి. తుప్పు పట్టిన గుండుసూది, జెమ్ క్లిప్పును వెనక్కి లాగకుండా, కింద సన్నటి అట్టముక్క దూర్చి మెల్లగా ఎత్తండి. క్లిప్పు తీయగానే ఆ కాగితాలు ఒక కట్టలోవని తెలిసేలా, మడిచిన తెల్ల కాగితంలో వాటిని కలిపి పెట్టండి. ఇది మరిచిపోతే నా దొంతర్ల కథే మళ్లీ.

చిరుగులకు సెల్లోటేపు వద్దు. దాని జిగురు పసుపై, నూనెలా ఇంకి, ఆ మరక ఇక పోదు. ఫెవికాల్ గట్టిపడితే తిరిగి విప్పలేం. చిరిగింది చిరిగినట్టే మంచి కాగితం మడతలో ఉంచితే చాలు. అతికే పని నిపుణులు సన్నటి జపాన్ కాగితం, ఉడికించిన గోధుమ గంజితో చేస్తారు, ఎందుకంటే అది తడిపితే మళ్లీ ఊడివస్తుంది.

లామినేషన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మా మాస్టారి ఇంటివాళ్లు, ప్రేమ కొద్దీ, ఒక జెరాక్సు షాపులో ఆరు పెన్సిల్ బొమ్మలను వేడి లామినేషన్ చేయించారు. కొత్తలో తళతళలాడాయి. ఇప్పుడు ప్లాస్టిక్‌కూ కాగితానికీ మధ్య బుడగలు వచ్చి, 6బి పెన్సిల్ గీతలు ప్లాస్టిక్‌తోపాటు లేస్తున్నాయి. విప్పడానికి దారి లేదు.

5. ఏ పనిముట్టుతో వేశారో దాన్ని బట్టి

ఉత్తరాలకు ఒకే సూత్రం సరిపోతుంది. స్కెచ్‌బుక్కుకు సరిపోదు. ఒకే పుస్తకంలో మొదటి పేజీ పెన్సిల్, నాలుగో పేజీ బొగ్గు, పదో పేజీ వాటర్ కలర్, మధ్యలో కొరియరు నంబరు బాల్ పెన్నుతో ఉంటాయి.

చార్‌కోల్, మెత్తని పేస్టెల్, సుద్ద: ఇవి కాగితానికి అంటుకోకుండా కూర్చున్న పొడి మాత్రమే. ప్లాస్టిక్ కవరులో పెడితే దాని స్థిర విద్యుత్తు పొడిని పైకి లాగుతుంది. వాటికి కాగితం మడతలే మంచివి. "ఫిక్సెటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొడితే నిలబడతాయి కదా" అని కొందరు చిత్రకారులే సలహా ఇస్తారు. వేసినవాడు కొట్టుకుంటే అది ఆయన ఇష్టం. ఆయన పోయాక మనం కొడితే బొమ్మ రంగు మారుతుంది, పొరల మీద మనం ఒక పొర చేర్చినట్టవుతుంది.

ఎదురు పేజీ మీద బొగ్గు నీడ పడి ఉంటుంది. మరకనుకుని రబ్బరుతో చెరపొద్దు. ఆ నీడ ఉందంటే ఆ రెండు పేజీలూ ఎదురెదురుగా ఉండేవని అర్థం. మా మాస్టారి విడి కాగితాల్లో పదకొండు పేజీలకు ఇలాగే వరుస తిరిగి దొరికింది. గోపురం నీడ ఒక మేక వెనకవైపు తిరగబడి కనిపించింది! అలాగే పుస్తకం కుట్టు దగ్గర చిరిగి మిగిలిన సన్నటి కాగితపు పీలికలను లాగేయొద్దు. ఊడిన పేజీ అంచును వాటితో పోల్చి చూడొచ్చు.

వాటర్ కలర్, స్కెచ్ పెన్ను, బాల్ పెన్ను: వీటికి వెలుతురే శత్రువు. ఇండియన్ ఇంకు కార్బను కాబట్టి వెలవదు. స్కెచ్ పెన్నుల్లోవి రంగు నీళ్లు, గోడకు తగిలిస్తే కొన్ని ఏళ్లలోనే వెలుస్తాయి. డచ్చి చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్సులోని ఆర్ల్‌లో వేసిన కొన్ని బొమ్మల్లో ఊదారంగు అనిలిన్ ఇంకు ఇప్పుడు గోధుమరంగుకు దిగిపోయింది. వెలుతురుకు వాటర్ కలర్లు వెలుస్తాయా లేదా అని బ్రిటన్‌లో పెద్ద వాదమే నడిచి, 1888లో రసెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి వెలుస్తాయని ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. ఈ విషయంలో రస్కిన్‌ను మెచ్చుకోవాలి, టర్నర్ వాటర్ కలర్లను పెట్టెల్లో చీకట్లో ఉంచాలని ఆయన ముందునుంచీ అంటూనే ఉన్నాడు. ఇవాళ మ్యూజియాలు ఇలాంటివాటిని 50 లక్స్ (వెలుతురు కొలత) మసక వెలుతురులో, అదీ కొన్ని నెలలే చూపించి, తిరిగి చీకట్లో పెడతాయి. ఇంట్లో హాలు గోడకు స్కెచ్‌బుక్కు పేజీ కావాలంటే మంచి ప్రింటు తీయించి కట్టుకోండి.

పాత నల్ల ఇంకు గోధుమరంగుకు తిరిగి, గీత వెంట కాగితం పగులుతుంటే అది ఇనుము కలిసిన ఇంకు. దానికి తడి తగిలితే తినేయడం ఇంకా పెరుగుతుంది. మడతలు సాఫీ చేద్దామని ఆవిరి పట్టడం లాంటివి చేయొద్దు. పోస్టర్ కలర్ పెచ్చులూడుతున్న పేజీలున్న పుస్తకాన్ని నిలబెట్టొద్దు, మూసి పడుకోబెట్టండి.

వార్తాపత్రిక కత్తిరింపుల్లో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉంటుంది, అది పసుపై పక్క కాగితానికీ ఆ పసుపు అంటిస్తుంది. మంచి కాగితం మీద జెరాక్సు తీసి దాని చోట పెట్టి, అసలు కత్తిరింపులను వేరే కవరులో దాచండి. ట్రేసింగు పేపరు ఎండి పెళుసుగా ఉంటుంది. కింద అట్ట పెట్టి ఎత్తాలి. నెగెటివ్‌ల డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ము కుళ్లడం మొదలైందని గుర్తు. వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, ముందు వాటినే స్కాన్ చేయించాలి.

6. జాబితా

ఆర్కైవులు పైనుంచి కిందికి వివరిస్తాయి: మొత్తం సేకరణ, దాని కింద వర్గాలు (ఉత్తరాలు, స్కెచ్‌బుక్కులు, డైరీలు, లెక్కలు, ఫొటోలు), వాటి కింద కట్టలు, ఆఖర్న విడి కాగితం. అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి పెట్టిన ప్రమాణం ప్రకారం ఆరు వివరాలు తప్పనిసరి: గుర్తు సంఖ్య, పేరు, సృష్టికర్త, తేదీ, పరిమాణం, ఏ అంచెకు చెందినది. ఇంటి జాబితాకు నేను ఇంకో రెండు గడులు చేరుస్తాను: ఎక్కడ దొరికింది, ఎలా ఉంది. ఎక్సెల్ చాలు. ఒక వరుస ఇలా ఉంటుంది:

స్కె-03. నీలం అట్ట స్కెచ్‌బుక్కు, అట్ట మీద "హంపి" అని ఆయన చేతిరాత. 14 × 21 సెంటీమీటర్లు, 46 పేజీలు, అందులో 9 ఖాళీ. పెన్సిల్, వాటర్ కలర్. తేదీ లేదు; 12వ పేజీలో అతికించిన బస్సు టిక్కెట్టు మీద 1968. దొరికింది: క పెట్టె, మూడో పొర. వెన్ను ఊడింది, 30వ పేజీ విడిగా ఉంది.

తేదీ ఊహిస్తే ఊహించినట్టే రాయాలి: "సుమారు 1968". పేరు కూడా ఆయన పెట్టిందా, మీరు పెట్టిందా తెలియాలి. విడి పేజీల మీద అంకె వేయాలంటే మెత్తని 2బి పెన్సిల్‌తో, కింది కుడి మూలలో, నొక్కకుండా, బొమ్మ లేని చోట. ఆయన వేసిన పేజీ అంకెలుంటే అవి తప్పుగా ఉన్నా చెరపొద్దు.

ఆయనకు వచ్చిన ఉత్తరాలను ఆయన ఉంచుకున్న వరుసలోనే ఉంచండి. పంపినవాళ్ల పేర్లతో వేరే పట్టిక తయారుచేస్తే వెతుక్కోవడానికి వీలుగా ఉంటుంది, అసలు వరుసా చెడదు. కంప్యూటర్ పని ఇలాంటిదానికే.

7. పెట్టె, చోటు, గాలి

యాసిడ్ లేని అట్టతో పెట్టె చేయించాలి. అమ్మేవాడి మాట నమ్మకుండా ఆమ్లం ఉందో లేదో చూపే పీహెచ్ పెన్నుతో ఒక గీత గీసి చూడండి, రంగు తేడాతో తెలిసిపోతుంది. కాగితాలకు కాల్షియం కార్బనేట్ కలిపిన, కాస్త క్షార గుణమున్న అట్ట మంచిది, ఫొటోలకు మాత్రం అది కలపనిది వాడతారు. ఇవేవీ అందకపోతే, గంజి పోయేలా రెండు మూడుసార్లు ఉతికిన తెల్లని నేత గుడ్డలో చుట్టండి. తాళపత్రాలకు ఎర్రగుడ్డ కట్టడం మన ఆచారమే కానీ, తడిస్తే ఎరుపు దిగుతుంది.

స్కెచ్‌బుక్కులను పడుకోబెట్టి, పెద్దవి కింద, చిన్నవి పైన, ఒకదాని మీద ఒకటి మూడు నాలుగుకు మించకుండా పెట్టాలి. పెద్ద కాగితాలు మడవకూడదు, వీలైతే చుట్టకూడదు. చుట్టక తప్పకపోతే కనీసం పది సెంటీమీటర్ల లావు గొట్టానికి బయటివైపు చుట్టండి.

ఇనుప బీరువా చెక్కదాని కంటే మేలు. చెక్క ఆమ్లపు ఆవిరి వదులుతుంది, చెదలను పిలుస్తుంది. బీరువాను బయటి గోడకు ఆనించకుండా ఒక జానెడు జరిపి, నేలకు అరడుగు ఎత్తున దిమ్మెల మీద పెట్టండి. పైన బాత్రూము గానీ నీళ్ల ట్యాంకు గానీ ఉన్న గది వద్దు. అటక అసలే వద్దు, ఎండాకాలం అక్కడ కాగితం వేగిపోతుంది.

పుస్తకాల్లో చదివితే 20 డిగ్రీల దగ్గర వేడి, 50 శాతం దగ్గర తేమ అని ఉంటుంది. కాకినాడలోనో మచిలీపట్నంలోనో వర్షాకాలం తేమ 70 దాటడం మామూలే, ఆ లెక్క చూస్తే నీరసం వస్తుంది. మన చేతిలో ఉన్నది రెండే: 65 దాటితే బూజుకు పండగ కాబట్టి దాన్ని దాటనివ్వకుండా చూడటం, హెచ్చుతగ్గులు ఎక్కువ లేకుండా చూడటం. రాత్రి ఏసీ వేసి పొద్దున ఆపేసే గది కంటే, ఏసీ లేని నడిమి గదిలో మూసిన బీరువా నయం. లోపల ఒక తేమ మీటరు పెట్టండి, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. తేమ పీల్చే సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారినప్పుడల్లా వేడిచేసి తిరిగి వాడండి. ముసురు పట్టిన రోజుల్లో బీరువా తెరవొద్దు, పొడి గాలి ఉన్న రోజున కాసేపు తెరిచిపెట్టండి.

వరద మాట. 1928 జనవరిలో థేమ్స్ నది పొంగి లండన్ టేట్ గ్యాలరీ కింది అంతస్తులోకి నీళ్లొచ్చాయి. టర్నర్ కాగితాలు అక్కడే ఉన్నాయి, తడిశాయి. తర్వాత వాటిని బ్రిటిష్ మ్యూజియానికి తరలించారు, తిరిగి టేట్‌కు వచ్చింది 1987లో క్లోర్ గ్యాలరీ కట్టాకే. గోదావరి, కృష్ణ ఒడ్డు ఊళ్లవాళ్లకు దీని మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. తడిసిన పుస్తకాన్ని మూసి ఉంటే మూసినట్టే, తెరిచి ఉంటే తెరిచినట్టే ఉంచి, బట్టలో చుట్టి, ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టలేకపోతే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకడితే బూజు ఆగుతుంది, ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది. మన వేడిలో రెండు రోజులు దాటితే బూజు తప్పదు.

8. స్కానింగు

స్కానింగు అసలుకు బదులు కాదు, అసలును మాటిమాటికీ తిప్పకుండా ఉండటానికి. స్కెచ్‌బుక్కును ఫ్లాట్ స్కానరు మీద బోర్లించి మూత నొక్కితే వెన్ను విరుగుతుంది, బొగ్గు అద్దానికి అంటుతుంది. పైనుంచి కెమెరా, రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో దీపాలు, పుస్తకం కింద రెండు పక్కలా మెత్తని స్పాంజి దిమ్మెలు. ఫ్లాష్ వద్దు. ఫోనులోని స్కానింగు యాప్‌లు అంచులు కత్తిరించి, కాగితం రంగును తెల్లబరుస్తాయి. బొమ్మకు అది హత్య.

ఏ4 పేజీకి అంగుళానికి 400 పిక్సెళ్లు తీసుకుంటే సుమారు 3300 × 4700 పిక్సెళ్లు, అంటే 15.5 మెగాపిక్సెళ్లు; అంతకంటే కాస్త ఎక్కువున్న కెమెరా చాలు. నాణ్యత తగ్గించకుండా దాచే టిఫ్ ఫైలు ఒక్కోటి 45 ఎంబీ దాకా వస్తుంది, వంద పేజీలకు నాలుగున్నర జీబీ. డిస్కు కొనే ముందు ఈ లెక్క వేసుకోండి. ముందు అట్ట, లోపలి అట్ట, ఖాళీ పేజీలు, వెనక అట్ట, వెన్ను, అన్నీ తీయాలి. ఖాళీ పేజీ వదిలేస్తే వరుస మళ్లీ తెగుతుంది. మొదటి ఫొటోలో పక్కన రంగుల పట్టీ, స్కేలు ఉండాలి.

మూడు ప్రతులు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. హైదరాబాదులో కొడుకు, డల్లాస్‌లో కూతురు ఉన్న ఇల్లు ఈ పనికి భలే కుదురుతుంది. కానీ వాట్సాప్‌లో పంపింది ప్రతి కింద లెక్క కాదు, అది నాణ్యతను పిండేస్తుంది. ఏడాదికోసారి డిస్కు తెరిచి చూడండి.

9. హక్కులు

కాగితం ఎవరి చేతిలో ఉందన్నదీ, అందులోని రాత, గీత మీద హక్కు ఎవరిదన్నదీ వేరు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు బొమ్మల హక్కు వారసులది. 1990లో పోయినవారివి 2050 చివరిదాకా. 1925లో, 28వ ఏట మశూచితో పోయిన దామెర్ల రామారావు గారి బొమ్మల మీద కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. వాటిలో చాలా రాజమహేంద్రవరంలో ఆయన పేరిట ఉన్న గ్యాలరీలో చూడొచ్చు.

చాలామంది పొరబడేది ఉత్తరాల దగ్గర. నాన్నగారికి వచ్చిన ఉత్తరం కాగితం మీది, కానీ అందులో రాసిన మాటల హక్కు రాసినవారిది, వారి పిల్లలది. అచ్చువేయాలంటే వాళ్లను అడగాలి.

అమెరికాలో స్థిరపడ్డ పిల్లలు కాగితాలను సూటుకేసులో తీసుకెళ్లే ముందు 1972 నాటి పురావస్తువుల చట్టం చూడాలి. వందేళ్లు నిండిన కళాకృతులు, 75 ఏళ్లు నిండిన విలువైన రాతప్రతులు మామూలు మనుషులు దేశం దాటించకూడదు. రవివర్మ, నందలాల్ బోస్, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్ లాంటి తొమ్మిదిమంది బొమ్మలకైతే వయసుతో పని లేకుండానే నిషేధం. స్కాన్లు తీసుకెళ్లండి, ఎవరూ అడ్డుకోరు.

10. సంస్థకు ఇవ్వడం

ఒక తరం దాకా ఇల్లు చూసుకుంటుంది. మనవల కాలానికి అపార్టుమెంటు మారుతుంది, బీరువా అడ్డమవుతుంది. అందుకని ఇవ్వడం గురించి మీరు ఓపికగా ఉన్నప్పుడే ఆలోచించాలి. టర్నర్ వీలునామా రాసినా అనుబంధాలు ఒకదానికొకటి తగిలి, బంధువులు కోర్టుకెక్కి ఐదేళ్లు నడిచింది.

వెళ్లే ముందు ఆ సంస్థలో మీరే ఒక పాత కాగితం చూపించమని అడగండి. ఎంతసేపట్లో తెస్తారు, ఎలా తెస్తారు, జాబితా ఉందా, పైకప్పు కారుతుందా, ఈ నాలుగు ప్రశ్నల్లో అంతా తెలిసిపోతుంది. మొత్తం సేకరణను ఒకచోటే ఇవ్వండి. ఉత్తరాలు ఒకరికి, స్కెచ్‌బుక్కులు ఇంకొకరికి పంచితే రెండు చోట్లా సగం అర్థమే ఉంటుంది. హాంకాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ లాంటివి అసలు కాగితాలను కుటుంబం దగ్గరే ఉంచి డిజిటల్ ప్రతులు తీసుకునే పద్ధతిలోనూ పనిచేస్తాయి. బరోడా చిత్రకారుల కాగితాలు ఎన్నో అలా అందరికీ అందాయి. చెడిపోయిన కాగితాలకు సలహా కావాలంటే లక్నోలో కేంద్ర ప్రభుత్వపు పరిరక్షణ ప్రయోగశాల ఉంది, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ పరిరక్షణ విభాగం ఉంది.

దానపత్రంలో వీటికి జవాబు ఉండాలి: కాగితాలు ఇస్తున్నారా, కాపీరైటు కూడా ఇస్తున్నారా, ఏవి ఎప్పటిదాకా మూసి ఉంచాలి, సంస్థ మూతపడితే ఎవరికి వెళ్లాలి, వాళ్లు ఏదైనా వద్దనుకుంటే మీకు తిరిగి ఇస్తారా, పారేస్తారా, కుటుంబానికి స్కాన్లు ఉచితమేనా. మీ జాబితాను పత్రానికి జతచేసి, ప్రతి పేజీ మీదా రెండువైపుల సంతకాలు పెట్టించండి. "ఒక ట్రంకుపెట్టె నిండా కాగితాలు ముట్టినవి" అని రసీదు ఇస్తే తీసుకోవద్దు.

ఆ ట్రంకుపెట్టె కూడా ఇచ్చేయండి. మా మాస్టారి పెట్టె మూత లోపల ఆయన పెన్సిల్‌తో ఏ ఏడు ఏ రంగు ట్యూబు ఎంతకు కొన్నారో ముప్పై ఏళ్ల ధరలు వరుసగా రాసుకున్నారు. సర్దడం అయిపోయిందని పెట్టెను ఇనప సామాన్లవాడికి వేశాం. నేను తీసిన మొదటి ఫొటోలో మూత సగం కనిపిస్తుంది, 1961 నుంచి 1974 దాకా చదవొచ్చు.